తోడు మంచం

హైమవతి ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసిన యంత్రం సంగతి పెద్ద పెద్ద డాక్టర్లకి బొమ్మలు గీసి చూపిస్తే గానీ బోధపడేది కాదు. ఆమె మరదలు నీలవేణికి మాత్రం ఒక్క చూపు చాలింది.

"అంటే ఆయన ఒంట్లో చెత్తంతా నేను ఊడ్చి పొయ్యాలి. అంతేగా వదినా?" అంది.

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నీలవేణి కూడా నవ్వింది. ఇంత తేలిగ్గా చెప్పడం తనకి ఇన్నాళ్ళూ ఎందుకు చేతకాలేదా అని హైమవతి లోలోపల కాస్త నొచ్చుకుంది.

కాకినాడ నుంచి సామర్లకోట వెళ్ళే రోడ్డు మీద, చెరకు తోటల మధ్య ఉన్న పరిశోధన కేంద్రంలో రెండు మంచాలు, వాటి మధ్య బీరువా అంత పెట్టె. అదీ ఆ యంత్రం. ఒక మంచం మీద కాలేయం చెడిపోయిన మనిషి పడుకుంటాడు. రెండో మంచం మీద అదే గ్రూపు రక్తం ఉన్న ఆరోగ్యవంతుడు. ఇద్దరి రక్తమూ పెట్టెలోకి వెళుతుంది. ఎర్రకణాలు ఎవరివి వాళ్ళకి తిరిగొచ్చేస్తాయి. మిగిలిన పచ్చటి నీరు, ప్లాస్మా, అటుది ఇటూ ఇటుది అటూ మారుతుంది. రోగి ఒంట్లో పేరుకున్న విషాలన్నీ ఆరోగ్యవంతుడి కాలేయానికి చేరతాయి. అది ఇద్దరి చాకిరీ చేస్తుంటే రోగి కాలేయం కాస్త ఊపిరి పీల్చుకుని మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. సగం కోసేసినా పెరిగే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. కొయ్యడం లేదు, కుట్టడం లేదు. పెట్టె మీద మీట నొక్కడమే, అంతే.

ఆ రెండో మంచాన్ని కేంద్రంలో అందరూ తోడు మంచం అనేవారు. ఆ పేరు పెట్టింది హైమవతే. పేరు బాగుందని డైరెక్టరు మెచ్చుకున్నాడు కూడా.

అప్పటికే నలుగురైదుగురు రోగుల మీద ప్రయత్నించి కొంత మెరుగు చూశారు గానీ, పూర్తిగా లేచి నడిచి ఇంటికి వెళ్ళినవాడు ఇంకా లేడు. అలాంటి సమయంలో హైమవతి సొంత తమ్ముడు ఫణీంద్ర కళ్ళు పచ్చబడ్డాయి. ఫణీంద్రకి రొయ్యల మేత ఏజెన్సీ. పగలు చెరువుల గట్లు, సాయంత్రం రైతులతో సీసాలు. వ్యాపారమంటే అంతే అక్కా అనేవాడు. ఆ వ్యాపారం పదిహేనేళ్ళలో కాలేయాన్ని రాయిలా చేసి, పొట్టనిండా నీరు నింపింది. కాలేయ మార్పిడి చెయ్యాలన్నారు పెద్దాసుపత్రివాళ్ళు. చనిపోయినవాళ్ళ కాలేయం కోసం పేరు రాయించుకుని ఎదురుచూడమన్నారు. ఆ ఎదురుచూపులో ఎంతమంది పోతారో హైమవతికి తెలియనిది కాదు.

రక్తం గ్రూపులు చూశారు. ఫణీంద్రది బి పాజిటివ్. హైమవతిది ఎ. తల్లి రత్నమ్మది బి పాజిటివే గానీ డెబ్భై దగ్గరపడిన మనిషి, పైగా షుగరు. నీలవేణిది బి పాజిటివ్.

"నీకు ఇష్టమేనా నీలా?" అని అడిగింది హైమవతి.

అడిగిన చోటు ఇంట్లో ముందు గది. సోఫాలో పొట్ట పట్టుకుని మొగుడు, పక్కన అత్తగారు, కుర్చీలో డైరెక్టరు. నీలవేణి కాఫీ కప్పుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"ఇష్టమే వదినా," అంది నీలవేణి. అని, డైరెక్టరుగారికి కప్పు అందించింది.

విడిగా పెరట్లోకి పిలిచి అడగాలని హైమవతికి తోచకపోలేదు. అడిగితే ఏం చెబుతుందోనన్న భయం కొద్దీ అందరి ముందూ అడిగేసింది. ఆ మాట ఆమె ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

*

మొదటి నెల అంతా పండగే. వారానికి రెండుసార్లు మొగుడూ పెళ్ళాలిద్దరూ కారులో వచ్చి చెరో మంచం మీదా పడుకునేవారు. గొట్టాల్లో పచ్చటి నీరు కదులుతుంటే నీలవేణి సెల్‌ఫోన్లో కూతురు చిన్నికి లెక్కలు చెప్పించేది. యంత్రం నడిపే ఇమ్మానుయేలు, "మా మేడమ్‌గారి మరదలంటే మాటలా, పడుకుని కూడా ఇల్లు నడుపుతుంది" అని వేళాకోళమాడేవాడు. ఫణీంద్ర బిలిరూబిన్ పద్నాలుగు నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి నాలుగుకి దిగింది. పొట్ట తగ్గింది. ఒకరోజు చేపల పులుసు కావాలని అడిగాడు. రత్నమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి ఏడ్చింది.

బిలిరూబిన్ అనేది రక్తంలో ఉండే పసుపు. మామూలు మనిషికి ఒకటి లోపు ఉంటుంది. కాలేయం దాన్ని బయటికి తోసెయ్యలేకపోతే ఒళ్ళంతా పాకి కామెర్లవుతాయి. తోడు మంచం ఎక్కే మనిషికి అది రెండు దాటితే ఇక ఎక్కనివ్వకూడదని నిబంధన పెట్టింది హైమవతే. అందుకే ప్రతిసారీ ముందురోజే నీలవేణి రక్తం పరీక్షించాలి.

ఆ రక్తం తీసే పని రత్నమ్మ తీసుకుంది. ఆవిడ సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. నరం దొరకని పసిపిల్లలకి కూడా ఒక్క పోటుతో తీసేదని పేరు. "ఇంట్లో నేనుండగా దాన్ని ఎండలో పడి అంతదూరం రమ్మనడమెందుకే?" అంది కూతురితో. హైమవతికీ అది సుఖంగానే ఉంది. సాయంత్రం వచ్చి తల్లి చేతి కాఫీ తాగి, మూత మీద నీలవేణి పేరు రాసిన గొట్టం పట్టుకుపోయేది. మర్నాడు పొద్దున్నే ఇమ్మానుయేలు కాగితం చూపించేవాడు. ఎప్పుడు చూసినా అంతా బాగానే ఉండేది. సున్నా పాయింట్ ఎనిమిది. సున్నా పాయింట్ ఏడు.

"ఈవిడ కాలేయం ఉక్కుతో చేశారేమో మేడమ్," అన్నాడు ఇమ్మానుయేలు ఓసారి.

హైమవతి పొంగిపోయింది. తన యంత్రం తోడు మనిషికి ఏ హానీ చెయ్యదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. డైరెక్టరు అప్పుడే పత్రికలవాళ్ళని పిలుద్దామంటున్నాడు. నీలవేణి మంచం మీద పడుకోగానే నిద్రపోతోందని, చిన్నికి లెక్కలు చెప్పడం మానేసిందని, కారెక్కేటప్పుడు తలుపు పట్టుకుని కాసేపు ఆగుతోందని ఆమె చూడకపోలేదు. చూసి, ఇంటిపని ఎక్కువైందనుకుంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తే పరధ్యానం అనుకుంది. ఆపైన శ్రావణం వచ్చింది. ఉపవాసాలనుకుంది.

*

శ్రావణ శుక్రవారం నాడు పేరంటానికి రమ్మని నీలవేణి ఫోను చేసింది. హైమవతి వెళ్ళేసరికి ఇల్లంతా పూల వాసన, అగరొత్తుల పొగ. నీలవేణి ముఖాన దట్టంగా పసుపు రాసుకుని, కాటుక పెట్టుకుని, జరీ చీరలో అటూ ఇటూ తిరుగుతోంది. ఈ నెలంతా కోడలు రోజూ పసుపు రాసుకునే ఉంటోందని, ఈ కాలం పిల్లల్లో ఎవరికుంటుందా శ్రద్ధ అని రత్నమ్మ పక్కింటావిడకి చెబుతోంది.

నీలవేణి గిన్నెతో వచ్చి వదినగారి కాళ్ళకి పసుపు రాయడానికి కింద కూర్చుంది. వంగినప్పుడు నుదుటి మీద నుంచి చెమట ధారగా కారింది. పాపం, ఎంత అలిసిపోయిందోనని హైమవతి చేతిరుమాలు తీసి మరదలి నుదురు ఒత్తింది. రుమాలు పసుపయింది. నుదురు మాత్రం తెల్లబడలేదు.

ఇంకోసారి గట్టిగా తుడిచింది. రుమాలుకి ఇక ఏమీ అంటలేదు. నుదురు అలాగే ఉంది.

"తల ఎత్తు," అంది హైమవతి.

"ఉండండి వదినా, ఈ కాలు కూడా..."

"తలెత్తవే."

గడ్డం పట్టుకుని ఎత్తింది. పసుపు ముఖానికి రాసుకుంటారు గానీ కళ్ళలో ఎవరూ రాసుకోరు. కాటుక గీత లోపల తెల్లగుడ్డు నిమ్మపండు రంగులో ఉంది. మోచేతుల కింద గోకుళ్ళ చారలు. పాదాలు పట్టుకున్న చేతులు సన్నగా వణుకుతున్నాయి. కామెర్ల మీద ఇన్నేళ్ళు పుస్తకాలు నమిలిన మనిషి, నెల రోజులుగా కామెర్ల ఎదురుగా కూర్చుని కాఫీ తాగింది.

చెయ్యి పట్టుకుని పెరట్లోకి, వెలుతురులోకి లాక్కుపోయింది.

"మొన్న ఇచ్చిన రక్తం ఎవరిది నీలా?"

నీలవేణి వంటింటి కిటికీ వైపు చూసింది. జవాబు వెనకాలే వచ్చిన రత్నమ్మ చెప్పింది.

"నాది."

హైమవతి తల్లి ముఖంలోకి చూసింది. అందులో తప్పు చేసినదాని బెరుకేమీ లేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"దానిది మూడు దాటిందని మా పాత ల్యాబులో చేయిస్తే తెలిసింది. నీకు చెబితే ఆపేస్తావు. ఆపితే వాడు పోతాడు. ఇంకొన్నిసార్లు పడుకుంటే వాడు గట్టెక్కుతాడు కదా అని..." రత్నమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "అయినా కాలేయం మళ్ళీ పెరుగుతుందని నువ్వేగా చెప్పావు. దానిదీ పెరుగుతుంది. చిన్న పిల్ల, దానికేం."

"అమ్మా, నువ్వు నర్సువి."

"వాడికి అమ్మని," అంది రత్నమ్మ.

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. తిట్టాలనుకుంది. ముందు గదిలో పేరంటాళ్ళు తాంబూలాల కోసం కూర్చుని ఉన్నారు. ఈ లోపల నీలవేణి తులసికోట గట్టు మీద కూలబడి, "అత్తయ్యగార్ని ఏమనకండి వదినా, నేనూ సరేనన్నాను" అంది. ఎందుకు సరేనన్నావని హైమవతి అడగలేదు. ఈ ఇంట్లో సరే అనకుండా ఉండడం ఎలాగో ఆమెకీ తెలియదు.

*

బిలిరూబిన్ పందొమ్మిది. రక్తం గడ్డకట్టే గుణం సగానికి సగం పడిపోయింది. నీలవేణిని కేంద్రంలోనే పడుకోబెట్టారు, ఈసారి రోగి మంచం మీద. పరీక్ష కాగితం చూసి ఇమ్మానుయేలు వెళ్ళి తోడు మంచం మీద దుప్పటి సర్దాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"మేడమ్, వాళ్ళిద్దరూ మంచాలు మార్చుకుంటే సరిపోతుంది కదా. ఫణిగారి కాలేయం ఇప్పుడు శుభ్రంగా ఉంది."

నిజమే. ఫణీంద్ర బిలిరూబిన్ ఇప్పుడు ఒకటి లోపు. పొట్ట లోపలికి పోయింది. ముఖం కళకళలాడుతోంది. పెళ్ళాం పుట్టింటి వైపు ఉన్నది తల్లి ఒక్కతే, ఆవిడ గ్రూపు వేరు. రత్నమ్మ వయసుకీ షుగరుకీ కుదరదు కాబట్టి, ఇంట్లో ఇక ఉన్న బి పాజిటివ్ ఫణీంద్ర ఒక్కడే. కొన్ని వారాలు అతను తోడు మంచం ఎక్కితే నీలవేణి బతుకుతుంది. ఎక్కకపోతే ఆ పందొమ్మిది ఇరవై అయిదవుతుంది, ముప్ఫై అవుతుంది, ఆ తర్వాత లెక్కతో పని ఉండదు.

"పడుకుంటానక్కా. నా పెళ్ళాం కదా, నేను కాకపోతే ఎవరు పడుకుంటారు?" అన్నాడు ఫణీంద్ర. ఆ మాట అందరి ముందూ అన్నాడు. హైమవతి తమ్ముడి భుజం తట్టింది. కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఒకసారి పడుకుని చూడమన్నారు. పడుకుంటే పాదాలు మంచం దాటి గాల్లో వేలాడాయి. ఇమ్మానుయేలు నాలుక కరుచుకున్నాడు. తోడు మంచం చేయించినప్పుడు అప్పటిదాకా వచ్చిన తోడు మనుషుల పొడుగు చూసి కొలత ఇచ్చారు. ఆ వచ్చినవాళ్ళంతా భార్యలు, తల్లులు, ఒక అక్క. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ ఆడవాళ్ళే కాబట్టి మంచం పొట్టిదన్న సంగతే ఎవరికీ తెలియలేదు. పాదాల కింద ఒక స్టూలు తెచ్చి పెట్టారు.

ఫణీంద్ర స్టూలు కేసి చూడలేదు. పక్క మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్న నీలవేణిని, ఆమె చేతి నుంచి పరీక్ష కోసం తీసిన గొట్టంలో తేరుకున్న ప్లాస్మాని చూస్తున్నాడు. అది ముదురు టీ రంగులో ఉంది.

"అక్కా, ఆ రంగు నాలోకి వస్తుందా?"

"వస్తుంది. నీ కాలేయం దాన్ని శుభ్రం చేస్తుంది. దాని కాలేయం నీకు చేసిన పనే."

ఫణీంద్ర లేచి కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు.

"రేపటినుంచే కదా," అన్నాడు.

"ఎల్లుండి. రేపు నీ రక్తం తియ్యాలి."

మర్నాడు హైమవతే స్వయంగా ఇంటికెళ్ళి తీసింది. ఇక ఎవరి చేతినీ నమ్మదలచుకోలేదు. చిన్నప్పటి నుంచీ సూదంటే ముఖం తిప్పుకునే ఫణీంద్ర ఈసారి తనే చొక్కా చెయ్యి మడిచి చాపాడు. ఎంత మారాడు తమ్ముడు అనుకుంది.

కాగితం ఇమ్మానుయేలు తీసుకొచ్చి బల్లమీద పెట్టి బయటికెళ్ళిపోయాడు. బిలిరూబిన్ బాగుంది. మిగతావన్నీ బాగున్నాయి. అట్టడుగున ఒక వరుస ఉంది. తోడు మనిషి మద్యం తాగాడా లేదా చెప్పే పరీక్ష అది. మంచం ఎక్కేవాళ్ళందరికీ చేస్తారు గానీ, ఎన్నడూ ఏమీ రాలేదు కాబట్టి ఎవరూ చూడరు. ఈసారి వచ్చింది. రక్తం తియ్యడానికి కొద్ది గంటల ముందు తాగాడు. తాగిన కాలేయాన్ని మూడు వారాల దాకా తోడు పెట్టకూడదు. పెడితే ఇద్దరూ పోతారు. తాగితే మంచం ఎక్కకూడదని ఇంట్లో అందరికీ మొదటిరోజే చదివి వినిపించారు గానీ, ఎంత తాగితే అన్నది అందులో లేదు. నీలవేణికి మూడు వారాలు లేవు.

హైమవతి కారు తీసుకుని తిన్నగా ఇంటికెళ్ళింది. ఫణీంద్ర పెరట్లో తీగ మీద తువ్వాలు ఆరేస్తున్నాడు.

"ఎందుకు తాగావురా?"

అబద్ధం చెబుతాడనుకుంది. చెప్పలేదు.

"భయం వేసిందక్కా." తువ్వాలు వదిలేసి ఇటు తిరిగాడు. "ఇప్పుడే లేచాను. అన్నం రుచి తెలుస్తోంది. మళ్ళీ ఆ రంగులోకి వెళ్ళమంటావా? ఆ దురద, ఆ నీరు... నీకు తెలీదక్కా అది ఎలా ఉంటుందో."

"నీకు తెలుసు. దానికీ తెలుసు."

"నేను పడుకోనని నా నోటితో ఎలా అనను? చిన్ని చూస్తోంది, అందరూ చూస్తున్నారు."

"అందుకని కాగితం చేత అనిపించావు."

లోపల నుంచి రత్నమ్మ, "వాణ్ణి నిలదియ్యకు హైమా. కొత్తగా చిగురేసిన కాలేయం వాడిది, మళ్ళీ చెడితే ఎవరు దిక్కు? ఆసుపత్రి లిస్టులో పిల్ల పేరు రాయించు, నాకు తెలిసిన డాక్టరు ఉన్నాడు" అంది. ఆ గొంతులో కోడలి మీద ద్వేషం ఇసుమంతైనా లేదు. నిన్న రాత్రి కోడలి కోసం ఆవిడ మొక్కుకుంది కూడా. ఇలాంటి ప్రేమతో ఏం చెయ్యాలో హైమవతికి పాలుపోలేదు. గుమ్మంలో చిన్ని స్కూలు బ్యాగుతో నిలబడి ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది.

*

లిస్టులో పేరు రాయించారు. అక్కడ రాసిన వరుస సంఖ్య చూసి హైమవతి ఆ కాగితాన్ని మరదలికి చూపించకుండా సంచిలో పెట్టేసుకుంది.

కేంద్రంలో నీలవేణి మెలకువగానే ఉంది. జడ ఎవరో అల్లిపెట్టారు. పక్కన తోడు మంచం ఖాళీగా ఉంది, స్టూలుతో సహా.

"ఆయన రాలేదా వదినా?"

దారి పొడుగునా హైమవతి ఏదో ఒక అబద్ధం తయారుచేసుకుంటూ వచ్చింది. జ్వరం వచ్చిందని, పరీక్షల్లో ఏదో తేడా ఉందని. ఆ పచ్చటి కళ్ళు చూశాక నోరు రాలేదు. ఈ మనిషి దగ్గర ఇంకా అబద్ధాలాడడం తన వల్ల కాదనిపించింది.

"తాగాడు నీలా. నిన్న నేను రక్తం తీసే ముందు. తాగితే మూడు వారాలు పడుకోకూడదు."

నీలవేణి ఏడవలేదు.

"ఎంత తాగారట?"

"ఎంతో కాదు. కొంచెం."

"కొంచెం చాలా?"

"చాలు. పరీక్షలో దొరికిపోతుంది. ఇక ఎవరూ మంచం ఎక్కించరు. నువ్వు పడుకోవా అని ఎవరూ అడగరు కూడా."

హైమవతి ఆమె చెయ్యి పట్టుకుంది. వేడిగా, తేలిగ్గా ఉంది. ఏదైనా అంటుందని, ఫణీంద్రనో అత్తగారినో తిడుతుందని, కనీసం తననైనా తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. నీలవేణి తల తిప్పి వదినగారి కేసి చూసింది. కోపం లేదు. పొరుగింటివాళ్ళకి తెలిసిన సులువు తనకి ఆలస్యంగా తెలిసినప్పుడు ఆడవాళ్ళ ముఖాన కనిపించే ఆశ్చర్యం ఒకటి ఉంటుంది, అది ఉంది.

"పోన్లెండి," అంది మెల్లగా. "కొంచెం చాలని నాకెవరూ చెప్పలేదు వదినా."